ఉగాండా కొండదారుల్లో గేర్ బండి: ఎక్కడ, ఎలా నేర్చుకోవాలి?

అందరికీ నమస్తే. తూర్పు ఉగాండాలో ఎంబాలే దగ్గరి పల్లెల్లో వాలంటీర్‌గా పనిచేయడానికి ఫిబ్రవరిలో వెళ్తున్నాను. బాలింతలను, పసిపిల్లలను ఇంటింటికీ వెళ్లి చూడాలి. అందుకు బజాజ్ బాక్సర్ అనే గేర్ బైక్ ఇస్తామన్నారు. కరీంనగర్‌లో నేను నడిపేది స్కూటీ, లైసెన్సు కూడా గేర్ లేని బండికే. లెర్నర్స్ వచ్చాక 30 రోజులు ఆగితేగానీ టెస్టు ఉండదు కాబట్టి రేపే ఆర్టీవో ఆఫీసుకు పోతున్నా. ఆ తర్వాత ఇంటర్నేషనల్ పర్మిట్.

అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి, అదొక ధైర్యం. భయమంతా ఎంబాలే పక్కనున్న ఎల్గాన్ కొండ వాలు దారుల గురించే. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, ఎర్రమట్టి రోడ్లు. దిగుడులో ఏ గేర్‌లో ఉండాలి? బురదలో ముందు బ్రేకు అసలు ముట్టుకోవద్దా? జారుతుంటే కాళ్లు కింద పెట్టొచ్చా? ఇక్కడే మన మొరం రోడ్ల మీద నేర్చుకుని పోవడం మేలా, లేక ఆ దారులు రోజూ తిరిగే బోడా బోడా (అక్కడి బైక్ టాక్సీ) వాళ్ల దగ్గర నేర్చుకోవడం మేలా? హెల్మెట్ మాత్రం ఇక్కడినుంచే తీసుకెళ్తాను, అందులో రాజీ లేదు.

ఆఫ్రికాలో ఇలా బండి నడిపిన అక్కలెవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. నా ఎత్తు 5 అడుగులే, బాక్సర్ సీటు మీద కూర్చుంటే రెండు కాళ్లూ పూర్తిగా నేలకు ఆనవు.