శర శశి షట్క చంద్ర: మల్లన పద్యంలో ఐదుకు రెండు పేర్లెందుకు?

చదరంగం మొదటి గడిలో ఒక గింజతో మొదలుపెట్టి గడిగడికీ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎంతవుతుందో 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన పద్యంలో చెప్పాడు కదా. మొదలు ఇదీ:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఇందులో ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు. శర అన్నా సాయక అన్నా బాణమే, మన్మథుడి బాణాలు ఐదు. పక్కపక్కనే రెండు పేర్లు ఎందుకు? పాదపూరణకేనా?

వ్యాఖ్య 1:
పాదపూరణ కాదండీ, యతి కోసం. ఇది చంపకమాల, పదకొండో అక్షరం దగ్గర యతి, అంటే ఆ అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి. పాదం ‘శ’తో మొదలైంది కాబట్టి అక్కడ ‘సా’ చక్కగా కుదిరింది. మళ్ళీ ‘శర’ అంటే యతి ఉంటుంది కానీ అక్కడ గురువు (రెండు మాత్రల అక్షరం) కావాలి. ‘బాణ’ అంటే గురువు వస్తుంది, యతి పోతుంది.

ఆరు సంగతీ చూడండి. మొదటి పాదంలో షట్క, రెండోదాంట్లో తర్క. రెండోచోట కూడా షట్క అంటే గణాలు సరిపోతాయి, కానీ ‘ధ’కు యతి ‘త’తో కుదురుతుంది, ‘ష’తో కుదరదు. ఇక భూధర, కుంజర పదాలను పాదం చివర విరిచింది ప్రాస కోసం, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే కావడానికి: శర, ధర, జర. అంకె ఒక్కటీ మార్చడానికి వీల్లేదు, వరస మార్చడానికీ వీల్లేదు. అయినా యతి ప్రాసలు ఇంత హాయిగా పడ్డాయంటే ఆయన పట్టు ఎలాంటిదో! నాకైతే ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది.

వ్యాఖ్య 2:
‘అంకానాం వామతో గతిః’, అంకెల నడక ఎడమవైపుకు, కాబట్టి చివరి నుంచి రాసుకోవాలి. తుహినాంశు అంటే చంద్రుడు 1, దిగ్గజాలు 8, బ్రహ్మ ముఖాలు 4... అలా వెళ్తే 18446744073709551615. ఇరవై అంకెలూ సరిగ్గా ఉన్నాయి, నేను కాగితం మీద సరిచూశాను.

64 గడులు కాబట్టి ఇది రెండును 64 సార్లు గుణించి ఒకటి తీసేసిన సంఖ్య. ఏ గడిలోనైనా దాని ముందున్న గడులన్నిటి మొత్తం కంటే ఒక గింజ ఎక్కువ ఉంటుంది, ఆ ఒకటి తీసేయడం అందుకే. మొదటి మాటే ‘శర’, అంటే ఒకట్ల స్థానంలో 5, కాబట్టి ఐదుతో భాగింపబడుతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి మూడుతోనూ భాగింపబడుతుంది, తొమ్మిదితో కాదు.

పూర్తిగా విడదీస్తే 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. అన్నీ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండుసార్లు రాదు. ఇందులో 641 కథ గొప్పది. 4294967297 ప్రధాన సంఖ్యే అని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. అది 641 × 6700417 అని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. ఆ రెండు కారణాంకాలూ మల్లన సంఖ్యలోనే ఉన్నాయి!

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. 64 బిట్ల కంప్యూటర్‌లో రుణ గుర్తు లేకుండా పట్టే అతి పెద్ద పూర్ణాంకం కూడా ఇదే కదా. మా అబ్బాయి కోడింగ్ క్లాసులో ఈ సంఖ్య చూశాడట, ఇవాళ వాడికి పద్యం నేర్పిస్తాను.