ఫ్లోరోసిస్ మీద పరిశోధన: బయోకెమిస్ట్రీ విభాగం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (బయోకెమ్_నల్గొండ):
విభాగం వివరాల్లో ‘పరిశోధనాసక్తి’ అన్నచోట ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినడం) అని రాసిచ్చాను. ఇప్పుడు ఎథిక్స్ కమిటీకి ప్రోటోకాల్ పెట్టాలి. ల్యాబ్‌లో ఆటో అనలైజర్, పీహెచ్ మీటర్, మైనస్ 20 ఫ్రీజర్ ఉన్నాయి. 100 మంది స్కూలు పిల్లల్లో సీరం ఫ్లోరైడ్, థైరాయిడ్ హార్మోన్లు, ఐక్యూ, విటమిన్ డి రిసెప్టర్ జన్యువు చూద్దామని ఆలోచన. 18 నెలల్లో అవుతుందా? ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ (ద్రావణంలో ఫ్లోరైడ్‌ని కొలిచే కడ్డీ) కొంటే చాలా?

జవాబు 1 (ఎస్పీఎం_వరంగల్):
అవదండీ. అది ఒక ప్రోటోకాల్ కాదు, నాలుగు థీసిస్‌లు. ఫ్లోరోసిస్ అనేది అంశం మాత్రమే. దానిలోంచి మీ జిల్లా మాత్రమే జవాబు చెప్పగలిగే ప్రశ్న ఒకటి తీయండి.

నా దృష్టిలో ఆ ప్రశ్న మిషన్ భగీరథ, అంటే ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే తెలంగాణ పథకం, వచ్చాక పిల్లల పళ్లు మెరుగయ్యాయా అన్నది. పథకం 2016లో మొదలైంది, కానీ నది నీళ్లు అన్ని ఊళ్లకూ ఒకేసారి రాలేదు. శాశ్వత ముందు పళ్ల ఎనామిల్ ఎక్కువగా పుట్టిన మొదటి మూడు నాలుగేళ్లలోనే తయారవుతుంది. కాబట్టి ఊరికి నీళ్లొచ్చిన తేదీకి ముందు పుట్టినవాళ్లనీ, తర్వాత పుట్టినవాళ్లనీ అవే ముందు పళ్ల మీద పోల్చండి. పళ్లు పూర్తిగా రావాలి కాబట్టి 8 ఏళ్లలోపు వాళ్లను తీసుకోవద్దు.

పళ్ల మీద ఫ్లోరోసిస్ తీవ్రతకు స్కోరు వేసే డీన్ సూచిక వాడండి. ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లు చూడాలి, ఆ రెండూ సమానంగా లేకపోతే తక్కువ దెబ్బతిన్నదాని స్కోరే వెయ్యాలి. చాలామంది ఇక్కడే పెద్ద స్కోరు వేసి తప్పు చేస్తారు. డెంటల్ వాళ్లను ఇద్దర్ని పెట్టి, ముందే కప్పా (ఇద్దరి స్కోర్లు ఎంతవరకు కలుస్తున్నాయో చెప్పే కొలత) లెక్క తేల్చుకోండి.

100 మంది చాలరు. వ్యాప్తి 50 శాతం, అంచనాలో అటూఇటూ తేడా 5 శాతం అనుకుంటే ఒక్క అంచనాకే 384 మంది కావాలి. స్కూళ్ల వారీగా తీస్తారు కనుక డిజైన్ ఎఫెక్ట్ (ఒకే స్కూలు పిల్లలు ఒకేలా ఉంటారని సంఖ్య పెంచే గుణకం) 1.5 వేస్తే 576. రెండు గుంపులను పోల్చడానికి లెక్క మళ్లీ వేరేగా వెయ్యాలి, స్టాటిస్టీషియన్‌ని ఇప్పుడే కలవండి, డేటా అంతా వచ్చాక కాదు.

జవాబు 2 (ఎలక్ట్రోడ్_బాబాయ్):
సీరం వదిలెయ్యండి మేడమ్. అందులో ఫ్లోరైడ్ లీటరుకు మిల్లీగ్రాములో వందో వంతు స్థాయిలో ఉంటుంది. అంత తక్కువలో ఎలక్ట్రోడ్ స్టాండర్డ్ గ్రాఫు గీత తిన్నగా ఉండక వంగిపోతుంది. సరిగ్గా చెయ్యాలంటే డిఫ్యూజన్ పద్ధతి (ముందు ఫ్లోరైడ్‌ని శాంపిల్ నుంచి విడదీసి పోగుచేసి కొలవడం) కావాలి. మూత్రం, తాగేనీళ్లు చాలు.

టైసాబ్ (కొలిచే ముందు శాంపిల్‌లో కలిపే బఫర్ ద్రావణం) మీరే చేసుకోవచ్చు: 500 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 57 మి.లీ. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, 58 గ్రా. ఉప్పు (ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడ్), 4 గ్రా. సీడీటీఏ (లోహాలను పట్టుకునే రసాయనం). 5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 5.0–5.5కి తెచ్చి లీటరు చెయ్యండి. పీహెచ్ తగ్గితే ఫ్లోరైడ్ హెచ్ఎఫ్‌గా (హైడ్రోజన్ ఫ్లోరైడ్) మారి ఎలక్ట్రోడ్‌కి కనిపించదు, పెరిగితే హైడ్రాక్సైడే ఫ్లోరైడ్‌లా కనిపిస్తుంది. అల్యూమినియం, ఇనుము పట్టేసుకున్న ఫ్లోరైడ్‌ని విడిపించడం సీడీటీఏ పని.

స్టాక్ (అసలు గాఢ ద్రావణం): 0.221 గ్రా. సోడియం ఫ్లోరైడ్ లీటరులో, అంటే లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్. దాన్ని పలచన చేసి లీటరుకు 0.1, 1, 10 మి.గ్రా. స్టాండర్డ్‌లు చేసుకోండి. స్టాండర్డ్‌కీ శాంపిల్‌కీ సమంగా టైసాబ్ కలిపితే విలువ నేరుగా వస్తుంది. మళ్లీ రెండుతో గుణించకండి, థీసిస్‌లలో ఈ తప్పు మామూలే. గాఢత పదిరెట్లు మారితే రీడింగ్ 54–60 మిల్లీవోల్ట్‌లు మారాలి, దాన్నే స్లోప్ అంటారు. ఒక్క మిల్లీవోల్ట్ తేడాకు ఫలితం దాదాపు 4 శాతం మారుతుంది. అందుకే స్టిర్రర్ వేడెక్కకుండా బీకర్ కింద థర్మోకోల్ ముక్క, అన్నిటికీ ఒకే వేగం. తక్కువ గాఢత నుంచి ఎక్కువకు వెళ్లండి, 1 మి.గ్రా. కంటే తక్కువైతే నిలకడకు కొన్ని నిమిషాలు పడుతుంది, తొందరపడి రాసుకోవద్దు.

పాలిథీన్ సీసాలే, గాజు వద్దు. ముఖ్యంగా గ్లూకోజ్ కోసం వాడే బూడిదరంగు మూత ట్యూబులున్న బల్ల మీద ఈ పని పెట్టకండి. వాటిలో ఉండేదే సోడియం ఫ్లోరైడ్!

బయోకెమ్_నల్గొండ:
మా పీహెచ్ మీటర్‌కే ఎలక్ట్రోడ్ తగిలించొచ్చా? మూత్రం ఫ్లోరైడ్, డీన్ స్కోరు మధ్య కోరిలేషన్ చూపిస్తే సరిపోతుందా?

జవాబు 3 (ఎలక్ట్రోడ్_బాబాయ్):
మిల్లీవోల్ట్ మోడ్ ఉండి, 0.1 వరకూ చూపి, బీఎన్సీ సాకెట్ (ఎలక్ట్రోడ్ వైరు తగిలించే గుండ్రటి సాకెట్) ఉంటే సరిపోతుంది. కాంబినేషన్ రకం కొంటే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ విడిగా అక్కర్లేదు. తెలిసిన శాంపిల్‌లో లీటరుకు 1 మి.గ్రా. చొప్పున ఫ్లోరైడ్ కలిపి, 90–110 శాతం తిరిగి వస్తోందో చూశాకే పిల్లల శాంపిళ్లు ముట్టుకోండి.

జవాబు 4 (ఎస్పీఎం_వరంగల్):
కోరిలేషన్ మీద ఆశ పెట్టుకోకండి. మూత్రం ఈ మధ్య తాగినదాన్ని చెబుతుంది, పన్ను పసితనంలో తాగినదాన్ని చెబుతుంది. ఇవాళ ఆర్‌ఓ నీళ్లు తాగే పిల్లాడి పళ్లు మచ్చలుగానే ఉంటాయి. అది లోపం కాదు, మీ ప్రశ్నకు అసలు ఆధారమే అది. స్పాట్ మూత్రం (ఒక్కసారి పట్టిన శాంపిల్) అయితే ఫ్లోరైడ్ విలువను క్రియాటినిన్‌తో భాగించి రాయండి. తాగేది ఏ నీళ్లు, వంటకి ఏ నీళ్లు అని విడివిడిగా అడగండి. చాలా ఇళ్లల్లో తాగడానికి క్యాన్, అన్నం వండటానికి బోరు.

ఎథిక్స్‌లో తల్లిదండ్రుల సంతకంతో పాటు 7–12 ఏళ్ల వాళ్ల నోటి సమ్మతి, 12 దాటితే రాతపూర్వక సమ్మతి చూపాలి. ఫారాలు తెలుగులో ఉండాలి. ఊరి బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే ఎవరికి తెలియజేస్తారో కూడా ప్రోటోకాల్‌లోనే రాయండి, కమిటీ తప్పక అడుగుతుంది.