సమస్య: ఓడినట్టి గుర్ర ముత్తమంబు

ఓరుగల్లు మాస్టారు (నిర్వాహకులు): ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం పైన ఇచ్చాను, దానికి కుదిరేలా మొదటి మూడు పాదాలు మీరు పూరించాలి. రుద్రమదేవి గుర్రం మీద దయచేసి రాయకండి. చందుపట్ల శాసనం (1289) ఆమె మరణం చెప్పింది కానీ గుర్రం ఊసెత్తలేదు.

కాజీపేట బాబాయి:
పందెమందు మామ పైకమంతయు పోయె
బుద్ధి వచ్చె నింక పోడు మరల
ఇల్లు మిగులజేసి యిల్లాలి నవ్వించి
ఓడినట్టి గుర్ర ముత్తమంబు

మాస్టారు: భేష్. రెండో పాదంలో 'బు'కి 'పో' యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కలిసే అక్షరం) చక్కగా కుదిరింది. మలక్‌పేట రేసులకి మామ ఒక్కడే వెళ్ళాడా, తోడు మీరు కూడానా?

కాజీపేట బాబాయి: నేను బయట టీ తాగుతూ నిలబడ్డాను, అంతే.

జనగామ అక్కయ్య: నాది అమెరికా ఆడగుర్రం జెన్యాట మీద.
పందె మిరువదింట పందొమ్మిదిని గెల్చి
తుదిని గెలుపు తలెడు దూరమయ్యె
చివర నుండి లేచి జెన్యాట చూపెను
ఓడినట్టి గుర్ర ముత్తమంబు

ఆ తుది పందెం 2010 నవంబరులో, చర్చిల్ డౌన్స్‌లో, బ్రీడర్స్ కప్ క్లాసిక్. పన్నెండు గుర్రాల్లో ఆఖరున పడిపోయి, చివరి మలుపు తర్వాత ఒక్కొక్కదాన్నే దాటుకుంటూ వచ్చింది. బ్లేమ్ అనే గుర్రం ఒక్క తల ముందుంది. జాకీ మైక్ స్మిత్ తప్పు తనదేనని ఏడ్చేశాడు. జెన్యాట అంతకుముందు ఏడాది అదే పందెం గెలిచింది. ఆడగుర్రం దాన్ని గెలవడం అదే మొదలు.

మాస్టారు: 'తలెడు' మస్తుగుంది. జానెడు, బెత్తెడు, మూరెడు ఉన్నాయి. పందేల వాళ్ళు తేడాని ముక్కుతో, తలతో, మెడతో కొలుస్తారు కనుక తలెడు ఎందుకు ఉండకూడదు? కానీ 'గెల్చి' దగ్గర ఆగాను. గెల్చింది గుర్రం, దూరమైంది గెలుపు. కర్తలు వేరు. 'గెల్వ' అంటే సరిపోతుంది, గణం (లఘు గురువుల లెక్క) మారదు.

పరకాల తమ్ముడు: అక్కా, తలెడు అప్పు తీసుకున్నాను.
ఇరువదైదు గెలుచు నెదురులేని హయము
తలెడు మిగుల గెలిచె ఆస్కటందు
దాని నంత దాక తరిమి వచ్చినదయ్య
ఓడినట్టి గుర్ర ముత్తమంబు

ఇది ఆస్ట్రేలియా బ్లాక్ కేవియర్. 25 పందేలు, 25 గెలుపులు. 2012లో ఇంగ్లాండులోని రాయల్ ఆస్కట్‌లో జాకీ ల్యూక్ నోలెన్ గీత రాకముందే తొందరపడి పట్టు సడలించాడు. గెలిచింది తలెడే. రెండోది మూన్‌లైట్ క్లౌడ్, అదీ ఆడగుర్రమే. నా ఓటు దానికి!

మాస్టారు: ఊహ కొత్తది. ఓడిన గుర్రాన్ని పక్క గుర్రంలో వెతికావు. కానీ రెండో పాదంలో 'త'కి 'ఆ' ఎక్కడి యతి? తిప్పి రాయి: 'ఆస్కటందు గెలిచె నంతె తలెడు'. మూడో పాదంలో 'అయ్య' పూరింపు కోసమే వచ్చింది, ఈసారికి వదిలేశాను.

పరకాల తమ్ముడు: యతి చూసుకున్నా సార్, ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు తారుమారైంది.

మాస్టారు: ఫోన్‌కి యతి తెలీదు. సరే, అక్కయ్యకి ఒక మాట. మీ మూడో పాదం పరుగు చెప్పింది కానీ సమస్యకి జవాబు చెప్పలేదు. ఓడింది ఎట్లా ఉత్తమమైంది? 'చూపెను' అంటే నేను నమ్మాలా?

జనగామ అక్కయ్య: జవాబు ఉంది సార్, పద్యంలో పట్టలేదంతే. 2008లో ఏడుకి ఏడు, 2009లో ఐదుకి ఐదు గెలిచింది. ఆ రెండేళ్ళూ 'హార్స్ ఆఫ్ ది ఇయర్' (ఆ ఏటి ఉత్తమ గుర్రం) బిరుదు వేరే గుర్రాలకి పోయింది. ఓడిన 2010లో ఓట్లు దీనికే పడ్డాయి. తనను ఓడించిన బ్లేమ్‌కి కూడా కాదు.

మాస్టారు: అమ్మా, అదే కదా పూరణ! అంత మాట కింద వ్యాఖ్యలో పెట్టి, పద్యంలో 'లేచి చూపెను' అంటారా? మళ్ళీ రాయండి.

జనగామ అక్కయ్య: (అన్నం పొయ్యి మీద ఉంది, అరగంట పట్టింది)
పందె మిరువదింట పందొమ్మిదిని గెల్వ
తుదిని గెలుపు తలెడు దూరమయ్యె
ఏటి మేటి యనుచు నెన్నిరి దానినే
ఓడినట్టి గుర్ర ముత్తమంబు

పరకాల తమ్ముడు: అక్కా, జెన్యాట పేరు పోయింది!

జనగామ అక్కయ్య: పైన శీర్షికలో కట్టేస్తాలే.