క్షమాపణ పాటలు మత్తయి 18లో 27వ వచనం దగ్గరే ఆగిపోతున్నాయా?

పాత హార్మోనియం (గుంటూరు):
అందరికీ వందనాలు. వచ్చే నెల ఒక ఆదివారం మా మందిరంలో మత్తయి 18:21-35 పాఠం. తప్పు చేసిన సహోదరుణ్ని ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు చాలా అని పేతురు అడుగుతాడు. దానికి యేసు చెప్పిన కథలో ఒక దాసుడికి రాజు పదివేల తలాంతుల అప్పు మాఫీ చేస్తాడు. వాడు బయటికి వచ్చీ రాగానే, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకుంటాడు.

క్వయర్‌కి పాట చూద్దామని కూర్చున్నాను. క్షమాపణ మీద పాటలకు కొదవ లేదు. కానీ నాకు తెలిసినవన్నీ ‘నా పాపం క్షమించావు, నీకు స్తోత్రం’ దగ్గర ఆగిపోతున్నాయి. అంటే రాజు మాఫీ చేసిన 27వ వచనం దగ్గర. 28లో గొంతు పట్టుకున్న చెయ్యి ఏ పాటలోనూ కనిపించలేదు. ఈ పాఠం చదివిన రోజున అలాంటి పాట పాడితే వాక్యాన్ని సగానికి కోసేసినట్టే అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

సోప్రానో సిస్టర్ (విశాఖ):
నేను కాదంటాను. పాట ప్రసంగం కాదు బ్రదర్. వారమంతా ఇంట్లో, ఆఫీసులో నలిగిపోయి వచ్చినవాళ్లకి అదొక్కటే ఓదార్పు. ఆ రెండో సగం ఎలాగూ పాస్టర్ అయ్యగారు ప్రసంగంలో చెప్తారు, ముప్పావుగంటకి తక్కువ కాకుండా.

పాత హార్మోనియం:
ఆ ముప్పావుగంటలో సోమవారానికి ఎంత గుర్తుంటుంది సిస్టర్? పాటైతే గిన్నెలు తోముతూ కూడా పాడుకుంటాం.

డల్లాస్ బేస్:
రెండో సగం మీద పాట లేకపోలేదు అన్నా, ఇంగ్లీషులో ఉంది. రోజమండ్ హెర్క్‌లాట్స్ అనే ఆమె 1966లో రాశారు. 1905లో మన దేశంలోనే, ముస్సోరీలో పుట్టిన మనిషి. మేనల్లుడి తోటలో కలుపు తీస్తుంటే వేళ్లు ఎంతకీ ఊడి రాలేదట. మనసులో పాతుకుపోయిన పగ గుర్తొచ్చి ఈ పాట కట్టారు. ‘నన్ను క్షమించావు’ అని సంతోషపడే పాట కాదిది, ‘నేను క్షమించలేకపోతున్నాను’ అని ఒప్పుకునే పాట. ఇక్కడ చాలా పాటల పుస్తకాల్లో డెట్రాయిట్ అనే ట్యూన్‌కి ఉంటుంది. 1820లో అచ్చయిన పాత అమెరికన్ ట్యూన్, కాస్త దిగులుగా వినిపించే మైనర్ స్కేల్. కీబోర్డు లేకుండా గొంతులతో పాడితేనే బాగుంటుంది. దీన్ని తెలుగు చేసుకోవచ్చుగా?

కీర్తన పిచ్చి (నరసాపురం):
కొలత 8-6-8-6 కదా, అంటే పాదాలకి వరసగా అన్ని అక్షరాలు? అమేజింగ్ గ్రేస్ అనే ఇంగ్లీషు పాటదీ అదే. ఆ ట్యూన్ అందరికీ వచ్చు. పైగా అందులో ఉన్నవి ఐదు స్వరాలే, మన మోహన రాగం స్వరాలే. దానికే పాడేయండి, ప్రాక్టీసు తిప్పలు తప్పుతాయి.

డల్లాస్ బేస్:
కొలత సరిపోతే చాలా అన్నా? అమేజింగ్ గ్రేస్‌కి మాత్రం ఆ ట్యూన్ పుట్టుకతో రాలేదు, నిజమే. పాట 1779లో అచ్చయితే ఈ ట్యూన్ వచ్చి కలిసింది 1835లో. కానీ అది ఇల్లు చేరినవాడి ట్యూన్. ఈ పాటలో మనిషి ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు.

సెకండ్ ఆల్టో (ఖమ్మం):
మీరంతా ట్యూన్ దగ్గరున్నారు, నా అభ్యంతరం వేరే. ఈ వాక్యాన్ని ఎవరి మీద వాడతారో ఎప్పుడైనా చూశారా? నాకు తెలిసిన ఒకామె భర్త చేతిలో దెబ్బలు తిని సంఘ పెద్దల దగ్గరికి వెళ్లింది. పేతురుకి యేసు ఇచ్చిన జవాబు, ‘డెబ్బది ఏళ్ల మారులు’ (అంటే డెబ్బై ఏడుల సార్లు) క్షమించమని చదివి ఇంటికి పంపేశారు. అదే మాట పల్లవి చేసి ఆమె చేత కూడా పాడిస్తారా?

అదే అధ్యాయం 15 నుంచి 17 వరకూ చదవండి. తప్పు చేసినవాణ్ని నిలదీయి, వినకపోతే సాక్షుల్ని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని ఉంది. 31లో తోటి దాసులు జరిగింది చూసి దుఃఖపడి రాజు దగ్గరికి వెళ్లి చెప్పారు. గొంతు నొక్కించుకున్నవాడి దగ్గరికి పోయి ‘సర్దుకుపో’ అని వాళ్లలో ఒక్కడూ అనలేదు.

ఇంకోటి. నూరు దేనారాలు అనగానే చిల్లర బాకీ అంటారు. దేనారం అంటే కూలివాడి రోజు కూలి. 2005లో ఉపాధి హామీ చట్టం ఒక కుటుంబానికి ఏడాది మొత్తానికీ మాటిచ్చిన పని కూడా 100 రోజులే. పోగొట్టుకున్నవాడికి అది చిల్లర కాదు. తలాంతుకి సుమారు 6,000 దేనారాలు కాబట్టి రాజు మాఫీ చేసింది 6 కోట్ల రోజుల కూలి, దాని ముందు ఇది చిన్నదే. రాజు లెక్కలో చిన్నదైందని బాధితుడి లెక్కలో చిన్నదైపోదు.

సోప్రానో సిస్టర్:
ఆ పెద్దలకి 28వ వచనం పాడి వినిపించాలి ముందు.

కీర్తన పిచ్చి:
ఆల్టో అక్క చెప్పింది కాదనలేం. హార్మోనియం అన్నా, మీ ప్రశ్నకి వస్తాను. ఆ రెండో సగం మన పాటల్లో ఎందుకు లేదో నాకు తోచింది చెప్తా. ఇంగ్లీషు హిమ్‌లో చరణం వెంట చరణం, కథ ముందుకే పోతుంది. మనకి పల్లవి ఉంది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి (1803-1890) నాటి నుంచీ మన కీర్తనల కట్టుబాటు అదే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీస్తే పాట పైనే రాగం, తాళం రాసి ఉంటాయి. చరణం అయ్యాక పల్లవికి రావాల్సిందే. ఇప్పుడు ‘క్షమించావు స్తోత్రం’ అని పల్లవి పెట్టండి. మూడో చరణంలో వాడు తోటివాణ్ని చెరసాలలో వేయించాడు, మరుక్షణం అందరం చప్పట్లు కొడుతూ ‘క్షమించావు స్తోత్రం’! ఎబ్బెట్టుగా లేదూ? అందుకే రాసేవాళ్లు ఆ చరణాన్నే వదిలేస్తారు.

డల్లాస్ బేస్:
బుర్రకథ అయితే కుదురుతుందేమో. కథకుడి పక్కన నవ్వించే హాస్య వంత ‘గొంతెందుకు పట్టుకున్నాడు గురువుగారూ’ అని అడగొచ్చు. క్రిస్మస్‌కి వేస్తారుగా, దీనికెందుకు వేయరు?

సోప్రానో సిస్టర్:
బుర్రకథ దాకా ఎందుకు, పల్లవిలో పేతురు ప్రశ్నే పెట్టండి. ‘ఎన్ని మారులు ప్రభువా’ అని. మొదట పాడినప్పుడు అది పేతురు వేసుకునే లెక్క. రాజు అప్పు కొట్టేశాక అదే మాట ఆశ్చర్యంగా వినిపిస్తుంది. గొంతు పట్టుకున్న చరణం తర్వాత పాడితే మనకే సిగ్గేస్తుంది. పాట ఓదార్పుగా ఉండాలన్న నా మాట మీదే ఉన్నాను, కానీ రాస్తే ఇలా రాయొచ్చు.

సెకండ్ ఆల్టో:
ఇది బాగుంది. దెబ్బలు తిన్నవాళ్ల నోట అదే పల్లవి మొర అవుతుంది. 31వ వచనానికి ఒక చరణం తప్పకుండా ఇవ్వండి. అది లేకపోతే నేను పాడను.

పాత హార్మోనియం:
ఇస్తాం సిస్టర్. రాగం సంగతి? మోహనం అయితే వద్దు.

కీర్తన పిచ్చి:
ముఖారి రాగం పెడితే మొత్తం ఏడుపైపోతుంది. ఖరహరప్రియ చూడండి. మైనర్ ఛాయ ఉంటుంది, పల్లవి ప్రతిసారీ కొత్తగా ఎత్తుకోవడానికి చోటూ ఉంటుంది. ఆది తాళం, నిదానంగా.

పాత హార్మోనియం:
సరే. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు బల్లకు ముందు పెడదామా?

సెకండ్ ఆల్టో:
ముందు వద్దు. ఇంకా క్షమించలేనివాళ్లు బల్ల దగ్గరికి రావద్దని చెప్పినట్టుంటుంది.

సోప్రానో సిస్టర్:
నేనైతే అందుకే ముందు పెట్టమంటాను. వంద రోజుల కూలి ఎగ్గొట్టినవాడు కూడా ఆ వరసలోనే నిలబడతాడు, వాడు విననీ.

పాత హార్మోనియం:
ఇది క్వయర్ తేల్చేది కాదు, అయ్యగారిని అడుగుతాను. ఈలోపు చరణాలు ఎవరు రాస్తున్నారు?