గొర్లు ఈసుకుపోయాక మా అన్నకు మొదలైన జ్వరం, దేనికీ తేలట్లేదు

మాది దేవరకొండ దగ్గర పల్లె. దసరా ముందు మందలో నాలుగు నెలల సూడి గొర్లు వరసగా ఈసుకుపోయాయి, మా అన్న ఉత్త చేతులతోనే మాయ తీసి పడేశాడు, మందల దగ్గర అందరూ చేసేదే అది. దీపావళి తర్వాత నుంచి ఆయనకు జ్వరం. పొద్దున బాగానే ఉంటాడు, సాయంత్రం ఐదు దాటితే 101, 102 వస్తుంది, అర్ధరాత్రి చెమటలకు బనియన్ పిండేటట్టు తడుస్తోంది, తుంటి నొప్పితో కూర్చుంటే లేవలేకపోతున్నాడు. మలేరియా, డెంగీ, వైడాల్ (టైఫాయిడ్ పరీక్ష) అన్నీ నెగెటివ్. ఎక్స్‌రే, కళ్లె పరీక్షల్లో టీబీ కూడా లేదు. అయినా టైఫాయిడే అని ఇంజెక్షన్లు ఇచ్చారు, కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలైంది.

పశువుల డాక్టర్ మాత్రం బ్రూసెల్లా, అంటే గొర్ల నుంచి మనుషులకు అంటే బాక్టీరియా జబ్బు, కావచ్చు అన్నాడు. అదే అయితే డాక్సీసైక్లిన్‌తో ఇంకో మందు కలిపి ఆరు వారాలు వాడాలట, కానీ ఖాయం కాకుండా ఇక్కడ ఎవరూ రాయట్లేదు. దానికి ముందుగా చేసే రక్త పరీక్ష రోజ్ బెంగాల్ టెస్ట్ చేయిస్తే సరిగ్గా తేలలేదన్నారు.

ఇప్పటికే యాంటీబయాటిక్స్ పడ్డ మనిషికి ఎలైజా, ట్యూబ్ అగ్లుటినేషన్ (రెండూ రక్తంలో యాంటీబాడీలు చూసేవి), బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసేది), వీటిలో ముందు ఏది చేయిస్తే ఖాయంగా తేలుతుంది?