కొత్త బ్లూ-రే ప్లేయర్, పాత హోమ్ థియేటర్: వెనక స్పీకర్లలో సౌండ్ రావట్లేదు

మూగబాక్సు:
తల పగిలిపోతోంది. పొద్దున మొదలుపెట్టాను, చీకటి పడింది, ఇంకా వైర్ల మధ్యే కూర్చున్నాను. కొత్తగా బ్లూ-రే ప్లేయర్ కొన్నాను. ఇంట్లో ఎప్పట్నుంచో 5.1 హోమ్ థియేటర్ (ముందు రెండు, మధ్య ఒకటి, వెనక రెండు స్పీకర్లు, ఒక బేస్ డబ్బా) ఉంది. టీవీలో బొమ్మ బ్రహ్మాండంగా వస్తోంది. సౌండ్ మాత్రం ముందున్న రెండు స్పీకర్లలోనే. మధ్యది, వెనకవి పలకడం లేదు. పోనీ అని హెచ్‌డీఎంఐ వైరు నేరుగా హోమ్ థియేటర్‌కి పెడితే ఆ రెండూ కూడా ఆగిపోయాయి, బొమ్మా పోయింది. వైరు మార్చాను, రీసెట్ కొట్టాను. కనెక్షన్లన్నీ కరెక్టే. హోమ్ థియేటర్ పాడైందా, కొత్త ప్లేయర్‌లోనే తేడా ఉందా? తెలిసినవాళ్లు కాస్త త్వరగా చెప్పండి.

సూటిగా:
ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకి పెట్టారో రాయండి. "కరెక్టే" అంటే మాకేం తెలుస్తుంది?

పాతరేడియో:
బాబూ, ముందు స్పీకర్లు ఎక్కడ పెట్టారో చెప్పండి. చాలామంది వెనక స్పీకర్లను తీసుకెళ్లి గది మూలల్లో, కప్పు కింద బిగిస్తారు. ఆ తర్వాత సౌండ్ రావట్లేదంటారు. 5.1కి ఒక లెక్కుంది. మీరు కూర్చున్న చోటి నుంచి చూస్తే ముందు కుడి ఎడమలు చెరో 30 డిగ్రీల దగ్గర ఉండాలి. సరౌండ్‌వి 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవులకు పక్కగా, కొంచెం వెనక్కి. పూర్తిగా వీపు వెనక కాదు. స్పీకర్ వైర్లలో ప్లస్, మైనస్ తారుమారైతే బేస్ కూడా పలచబడిపోతుంది. అది ఒక్కో స్పీకర్‌కీ విడిగా చూసుకోవాలి.

మూగబాక్సు:
సార్, స్పీకర్లు ఎప్పుడూ ఉన్నచోటే ఉన్నాయి. ఇదే హోమ్ థియేటర్‌లో డీవీడీ వేస్తే అన్నీ మోగుతాయి. ప్లేయర్ పెట్టినప్పుడే ఈ గొడవ. కనెక్షన్ అంటే మామూలే కదా: ప్లేయర్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ, ప్లేయర్ నుంచి హోమ్ థియేటర్ వెనక ఆక్స్ అనే సౌండ్ ఇన్‌పుట్‌కి ఎర్ర తెల్ల వైర్లు.

సూటిగా:
ఎర్ర తెల్ల వైర్లా! అది ముందు చెప్పాలి. ఎరుపు కుడి, తెలుపు ఎడమ. రెండు వైర్లు, రెండు ఛానళ్లు, అంటే రెండు విడి సౌండ్లే. రెండు స్పీకర్లు మోగుతున్నాయంటే అది సరిగ్గానే పనిచేస్తోంది.

తీగలాగుడు:
"డీవీడీ వేస్తే" అన్నారు. అంటే హోమ్ థియేటర్‌లోనే డిస్క్ ట్రే ఉందా? స్పీకర్లతో కలిపి ఒకే డబ్బాలో వచ్చిన సెట్టా? ఇంకొకటి, దాని వెనక హెచ్‌డీఎంఐ పోర్టులు ఎన్ని, వాటి పక్కన ఏం రాసుంది?

మూగబాక్సు:
అవును, సెట్టే. దాంట్లో బ్లూ-రే డిస్కులు ఆడవు, అందుకే కదా ప్లేయర్ కొన్నది. హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది. "హెచ్‌డీఎంఐ అవుట్ ఏఆర్‌సీ" అని రాసుంది.

సూటిగా:
ప్లేయర్‌దీ అవుటే, దీనిదీ అవుటే. రెండు కుళాయిలు ఎదురెదురుగా పెట్టి బకెట్ నిండట్లేదంటే ఎలా?

బిట్‌లెక్కలు:
ఇందుకే దీన్ని హోమ్ థియేటర్ అనకూడదంటాను. ఏవీ రిసీవర్ వేరు, ఇలాంటి సెట్ వేరు. రిసీవర్ అయితే హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు ఉంటాయి, ప్లేయర్‌ని దానికి పెట్టి అక్కడి నుంచి టీవీకి తీసుకుంటే పని అయిపోతుంది. సెట్‌లో ఉండే ఆ ఒక్క పోర్టు లోపలి డీవీడీ బొమ్మని టీవీకి పంపడానికి. ఏఆర్‌సీ ఉంటే టీవీ సౌండ్ అదే వైరులో వెనక్కి వస్తుంది. బయటి ప్లేయర్‌ని తీసుకునే ఏర్పాటు దానికి లేదు.

పాతరేడియో:
పెట్టె మీద హోమ్ థియేటర్ అనే కదా అచ్చు వేసి అమ్మారు. కొన్నవాళ్లు అలాగే అంటారు. రిసీవర్ అనేది అసలు రేడియో ట్యూనర్ ఉన్న ఆంప్లిఫయర్‌కి పేరు. ఆ లెక్కన ఎఫ్ఎం వచ్చే ఈ సెట్ కూడా రిసీవరే!

బిట్‌లెక్కలు:
పేరు కోసం కాదు సార్. పేరు కలిపేస్తే ఇలా లేని ఇన్‌పుట్ కోసం రోజంతా వెతుక్కోవాలి.

రెండోఆట:
అన్నా, రిమోట్‌లో సరౌండ్ బటన్ నొక్కి చూడు. నాకైతే అలా నొక్కగానే అన్నిట్లోంచీ వచ్చేసింది.

సూటిగా:
అది అన్ని స్పీకర్లలో అదే పాటని పంచడం. సరౌండ్ కాదు.

రెండోఆట:
వినడానికి బాగుంటే చాలదా?

తీగలాగుడు:
పాటలకి చాలు. సినిమాలో కారు వెనక నుంచి ముందుకి రావాలంటే చాలదు. మూగబాక్సు గారూ, రెండు దారులున్నాయి.

ప్లేయర్ వెనక చిన్న చతురస్రంలా, తలుపు ఉన్న ఆప్టికల్ పోర్టు ఉందేమో చూడండి. హోమ్ థియేటర్‌కి ఆప్టికల్ ఇన్ ఉంటే ఆ రెంటినీ నేరుగా కలపండి. బొమ్మకి హెచ్‌డీఎంఐ టీవీకే ఉండనివ్వండి. ఎర్ర తెల్ల వైర్లు పీకేయండి. ఆప్టికల్ వైరు కొత్తదైతే రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి, పారదర్శకంగా ఉండటం వల్ల కనపడవు, తీసేయండి. ప్లేయర్ ఆన్‌లో ఉన్నప్పుడు అవతలి చివర ఎర్రగా వెలుగుతుంటే సిగ్నల్ వస్తున్నట్టే. ప్లేయర్‌కి నారింజ రంగు కోయాక్సియల్ పోర్టు మాత్రమే ఉంటే మధ్యలో కరెంటుతో నడిచే చిన్న కన్వర్టర్ కావాలి.

ఆప్టికల్ ఏదీ లేకపోతే ఏఆర్‌సీ: హోమ్ థియేటర్ అవుట్ నుంచి టీవీలో ఏఆర్‌సీ అని రాసిన పోర్టుకే వైరు, ప్లేయర్ టీవీలో ఇంకో పోర్టుకి. కానీ చాలా టీవీలు హెచ్‌డీఎంఐలో వచ్చిన 5.1ని రెండు ఛానళ్లకి కుదించి వెనక్కి పంపుతాయి. కొన్ని డీటీఎస్‌ని (డాల్బీ లాంటి ఇంకో సరౌండ్ పద్ధతి) అసలు దాటనివ్వవు. అందుకే మొదటి దారే నయం.

బిట్‌లెక్కలు:
ఆప్టికల్ పెట్టమనడం సరే, కానీ బ్లూ-రే కొన్నదే నాణ్యత కోసం కదా. ట్రూ హెచ్‌డీ, అంటే డాల్బీ వాళ్ల పూర్తి నాణ్యత సౌండ్, 18 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) వరకు వెళ్తుంది, అది ఆప్టికల్‌లో పట్టదు. దాని బదులు డిస్క్‌లోనే జతగా ఉండే డాల్బీ డిజిటల్ వస్తుంది, అది గరిష్ఠంగా 640 కేబీపీఎస్. డీటీఎస్-హెచ్‌డీ అయితే అందులోని కోర్, అంటే మామూలు డీటీఎస్ భాగం మాత్రమే, సుమారు 1.5 ఎంబీపీఎస్. పూర్తి నాణ్యత కావాలంటే హెచ్‌డీఎంఐ ఇన్ ఉన్న రిసీవర్, లేదంటే ఈ-ఏఆర్‌సీ, అంటే ఎక్కువ సౌండ్ మోయగల కొత్త తరం ఏఆర్‌సీ. ఈ-ఏఆర్‌సీ వచ్చింది హెచ్‌డీఎంఐ 2.1తో, 2017లో. మీ సెట్ అంతకన్నా పాతదే అయ్యుంటుంది.

సూటిగా:
డీవీడీలో డాల్బీ డిజిటల్ 448 కేబీపీఎస్ దాటదు. దాంతోనే ఇన్నాళ్లు హాయిగా విన్నారు. 640 ఆయనకి ఎక్కువే.

పాతరేడియో:
ఆప్టికల్‌ని తక్కువ చేసి మాట్లాడకండి. తోషిబా వాళ్లు 1983లో తెచ్చిన పద్ధతి, ఇప్పటికీ నడుస్తోంది. రాగి తీగ కాదు కాబట్టి భూమి కనెక్షన్ వల్ల వచ్చే హమ్మింగ్ ఉండదు. వైరుని మాత్రం మరీ మడతపెట్టకండి. బంగారు పూత వైరు కొనమని చెప్పేవాళ్ల మాట వినకండి, దాంట్లో వెళ్లేది వెలుతురు, బంగారంతో దానికేం పని?

మూగబాక్సు:
ఆప్టికల్ రెంటికీ ఉంది. పెట్టాను. ఎర్ర లైటు కనిపిస్తోంది. ఇన్‌పుట్ కూడా ఆప్టికల్‌కి మార్చాను. ఇప్పటికీ ముందు రెండే! డిస్‌ప్లేలో పీసీఎం అని పడుతోంది. పీసీఎం అంటే మంచి క్వాలిటీ అనే కదా అన్నారు ఎక్కడో.

తీగలాగుడు:
పీసీఎం అంటే ప్లేయరే విప్పి పంపే సౌండ్. హెచ్‌డీఎంఐలో అయితే మంచిదే, అక్కడ ఎనిమిది ఛానళ్ల దాకా పీసీఎం వెళ్తుంది. ఆప్టికల్‌లో పీసీఎం అంటే రెండు ఛానళ్లే. ప్లేయర్ మెనూలో ఆడియో సెట్టింగ్స్‌కి వెళ్లి డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎం నుంచి బిట్‌స్ట్రీమ్‌కి మార్చండి, అప్పుడు డిస్క్‌లోని సౌండ్ విప్పకుండానే హోమ్ థియేటర్‌కి వెళ్తుంది. కొన్ని ప్లేయర్లలో హెచ్‌డీఎంఐకి ఒకటి, ఆప్టికల్‌కి ఒకటి వేర్వేరుగా ఉంటాయి, మార్చాల్సింది ఆప్టికల్‌ది. అక్కడే సెకండరీ ఆడియో లేదా మిక్స్ అని ఉంటే ఆఫ్ చేయండి. తర్వాత డిస్‌ప్లేలో డాల్బీ అనో డీటీఎస్ అనో పడాలి. సినిమా మొదలయ్యాక డిస్క్ మెనూలో 5.1 ట్రాక్ ఎంచుకోవడం మర్చిపోకండి. సౌండ్ రెండుసార్లు వినపడితే టీవీ స్పీకర్లు మ్యూట్ చేసుకోండి.

రెండోఆట:
నాకూ ఒక డౌట్. టీవీ నుంచి ఏఆర్‌సీలో పెట్టాను. పెదాలు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది. ఏం చేయాలి?

బిట్‌లెక్కలు:
హోమ్ థియేటర్‌లో ఆడియో డిలే ఉంటే సున్నాకి తీసుకురండి.

పాతరేడియో:
డిలే అనేది స్పీకర్ల దూరం సరిచేయడానికి పెట్టినది. ఒక మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు. దాన్ని పెదాల కోసం కదిలిస్తే సరౌండ్ చెడిపోతుంది.

బిట్‌లెక్కలు:
సార్, అది స్పీకర్ డిలే. నేను చెప్పేది పెదాలకి మాట కలిపే లిప్ సింక్ డిలే. మెనూలో రెండూ వేరు.

మూగబాక్సు:
వచ్చింది. వెనకవి మోగుతున్నాయి. థ్యాంక్స్. ఒక పాత సినిమా డిస్క్‌కి మాత్రం ఇంకా రెండే, రేపు చూస్తా.

సూటిగా:
అట్ట వెనక 2.0 అని ఉందేమో చూడండి. రికార్డింగే స్టీరియో అయితే ఏ సెట్టింగ్ మార్చినా ఒరిజినల్ 5.1 రాదు.

రెండోఆట:
డిలే సున్నాలోనే ఉంది. ఇంకా మాట వెనకే వస్తోంది.

సూటిగా:
మీది వేరే సమస్య, విడిగా అడగండి. టీవీ మోడల్, ఏ పోర్టుకి ఏది పెట్టారో అన్నీ రాయండి.