క్రైస్ట్ యూనివర్సిటీ మాగ్నిఫికాట్‌కి తల్లిదండ్రుల్ని రానిస్తారా?

నమస్కారమండీ. మా చెల్లి ఈ ఏడాదే బెంగళూరు క్రైస్ట్ యూనివర్సిటీలో బీకామ్‌లో చేరింది, హోసూర్ రోడ్డు క్యాంపస్. డిసెంబరులో అక్కడ జరిగే క్రిస్మస్ వేడుక మాగ్నిఫికాట్ చూడాలని మా అమ్మకి మహా కోరిక. విజయవాడలో మా చర్చి క్వైర్‌లో ఎప్పటినుంచో పాడుతోంది లెండి, అందుకే. బయటివాళ్లని లోపలికి రానిస్తారా? పాస్ కావాలా, చెల్లి ఐడీ కార్డు చూపిస్తే చాలా? తేదీ సుమారుగా ఎప్పుడు తెలుస్తుంది? క్రిస్మస్ సీజన్‌లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు దొరకడం ఎంత కష్టమో మీకు తెలిసిందే.

ఇంకోటి. చెల్లి కొత్త విద్యార్థుల టాలెంట్ పోటీ దర్పణ్‌లో డాన్స్‌కి పేరిస్తానంటోంది, తర్వాత యూనివర్సిటీ కల్చరల్ ఫెస్ట్ బ్లాసమ్స్‌లో కూడానట. అక్కడ 85 శాతం హాజరు తప్పనిసరి కదా, నాన్నకి అదే టెన్షన్. ప్రాక్టీస్ కోసం క్లాసు పోతే ఆ గంటలకి హాజరు కలుపుతారా? కలిపితే ముందే ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలి? హాస్టల్ పిల్లలు రిహార్సల్స్ అయ్యాక రాత్రి ఆలస్యంగా రావచ్చా? అక్కడ చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు చెబితే బాగుంటుంది. "సీనియర్లని అడుగు" అంటే మా పిల్లకి మొహమాటం ఎక్కువ, అడగదు.